రాజీనామా ఇస్తే రిజిస్టర్లో పేరు పోదు

“ఆయన కంపెనీలోంచి బయటికి వెళ్లిపోయారండీ. పేరు తీసేసి కాగితాలు పంపండి.” కంపెనీల చట్టం పనులు చూసిపెట్టే కంపెనీ సెక్రటరీ ప్రాక్టీసులో ఉన్నవాళ్లకు ఈ ఫోన్ కొత్త కాదు. అడిగేవాళ్ల దృష్టిలో అది రేషన్ కార్డులోంచి పేరు తీయించడం లాంటి పని. ఒక దరఖాస్తు, ఒక సంతకం, రెండ్రోజుల్లో అయిపోవాలి. “అలా తీయడానికి వీల్లేదండీ, ముందు ఆయన షేర్లు ఎటు వెళ్తున్నాయో చెప్పండి” అంటే అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత వచ్చే ప్రశ్న నాకు కంఠతా వచ్చు: “డబ్బులు ఇచ్చేశాం కదండీ, ఇంకా షేర్లేంటి?”

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ విషయంలో కంపెనీ చట్టం మొండిది. ఆ మొండితనం మంచిదే. వాటాదారుల రిజిస్టర్లోంచి ఒకరి పేరు కొట్టేసే అధికారం బోర్డుకి లేదు, ఎండీకి లేదు, సీఏకి లేదు, నాకసలే లేదు. పేరు షేర్లతో వస్తుంది, షేర్లతోనే పోతుంది. షేర్లు ఇంకొకరి చేతికైనా వెళ్లాలి, లేదా చట్టం చెప్పిన దారిలో రద్దయినా అవ్వాలి. ఈ రెండూ కాకుండా పేరు మాత్రం మాయం చేయాలని చూసిన ప్రతిచోటా గొడవ ఎవరి నెత్తికి చుట్టుకుందో చూస్తూనే ఉన్నాను.

మన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల్లో ఒకే మనిషి డైరెక్టరుగా, జీతం తీసుకునే ఉద్యోగిగా, వాటాదారుగా, బ్యాంకు అప్పుకి హామీదారుగా ఉంటాడు. వెళ్లిపోయేటప్పుడు రాసిచ్చే లెటరు మాత్రం ఒక్కటే: ‘వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను’. 2013 కంపెనీల చట్టం 168వ సెక్షన్ ప్రకారం ఆ లెటరుతో డైరెక్టరు పదవి పోతుంది. కంపెనీ 30 రోజుల్లో డీఐఆర్-12 ఫారం వేస్తే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్లో డైరెక్టర్ల జాబితాలో ఆ పేరు కనపడదు. చాలామంది ఇక్కడే ఊపిరి పీల్చుకుంటారు. పోర్టల్లో లేడు కాబట్టి కంపెనీలో లేనట్టే అనుకుంటారు. షేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. డివిడెండు ఇస్తే ఆయనకీ ఇవ్వాలి, ఓటు ఆయనకీ ఉంది, ఏజీఎం (వార్షిక సభ) నోటీసు ఆయనకీ పంపాలి. పంపకపోతే ఆ మీటింగులో చేసిన తీర్మానాల మీదే వేలు పెట్టొచ్చు.

డాక్టర్ల ఆస్పత్రుల్లో ఇది మరీ ఎక్కువ. గుంటూరు, విజయవాడ, నెల్లూరు, వరంగల్ లాంటి ఊళ్లలో పదిమంది డాక్టర్లు కలిసి ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి ఆస్పత్రి కట్టడం మామూలే. ఫిజీషియను, సర్జను, గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, ఎముకల డాక్టరు, తలా ఇంత వేసుకుంటారు. కొన్నేళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత ఒకరికి ఓపీ ఎక్కువ, ఒకరికి తక్కువ, పంపకాల దగ్గర తేడా వస్తుంది. నేను చూసిన ఒకచోట ఎముకల డాక్టరుగారు విడిపోయి, రెండు వీధుల అవతల సొంత నర్సింగ్ హోం పెట్టుకున్నారు. పెద్దమనుషులు కూర్చుని 60 లక్షలకి సెటిల్ చేశారు. ఆ డబ్బు ఆస్పత్రి కరెంటు ఖాతాలోంచి విడతలుగా వెళ్లింది. డాక్టరుగారు ఒక తెల్ల కాగితం మీద ‘నా వాటా సొమ్ము యావత్తూ ముట్టినది, ఇకమీదట సదరు ఆస్పత్రితో నాకు ఎట్టి సంబంధమూ లేదు’ అని రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేశారు. అందరూ కాఫీలు తాగి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

అకౌంటెంటుకి ఆ 60 లక్షలు ఏ పద్దులో వేయాలో తెలియలేదు. ఖర్చు కాదు, జీతం కాదు, షేర్లు ఎవరికీ బదిలీ కాలేదు. చివరికి డాక్టరుగారి పేరు మీద అడ్వాన్సుగా రాసి వదిలేశాడు. అంటే పుస్తకాల ప్రకారం డాక్టరుగారే ఆస్పత్రికి 60 లక్షలు బాకీ. షేర్ల రిజిస్టరు ప్రకారం ఆయన ఆస్పత్రిలో 8 శాతం యజమాని. తెల్ల కాగితం ప్రకారం ఆయనకీ ఆస్పత్రికీ ఏ సంబంధమూ లేదు. మూడు కాగితాలు, మూడు మాటలు.

కొన్నేళ్ల తర్వాత గుండె చికిత్సల క్యాథ్ ల్యాబ్ పెట్టడానికి అప్పు కోసం బ్యాంకుకి వెళ్తే, వాటాదారుల జాబితా ఇవ్వమన్నారు. అందులో ఆయన పేరు శుభ్రంగా ఉంది. ఫోన్ చేస్తే డాక్టరుగారు మర్యాదగానే మాట్లాడారట: “దానిదేముంది సార్, ఇప్పుడు ఆస్పత్రి విలువ కట్టించండి, కూర్చుని మాట్లాడుకుందాం.” ఎండీగారు నా దగ్గర మండిపడ్డారు, ఇది మోసం కాదా అని. న్యాయం సంగతి పక్కన పెడితే, రిజిస్టరు డాక్టరుగారి వైపే ఉంది. చట్టం 95వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్లో రాసింది నిజమేనని మొదటి చూపులో నమ్మాలి. కాదని రుజువు చేయాల్సిన భారం కాదనేవాళ్లదే. తెల్ల కాగితం కోర్టులో కొంత పనికొస్తుందేమో గానీ, బ్యాంకు మేనేజరు టేబుల్ మీద పనికి రాదు.

ఇక్కడ అసలు తప్పు కాగితంలో లేదు, ఖాతాలో ఉంది. షేర్ల డబ్బు ఎవరిచ్చారు? మిగిలిన డాక్టర్లు తలా కొంత తమ సొంత ఖాతాల్లోంచి ఇచ్చి ఉంటే అది మామూలు షేర్ల బదిలీ, ఒక ఫారంతో పోయేది. ఆస్పత్రి ఇచ్చింది కాబట్టి కంపెనీ తన షేర్లు తానే కొనుక్కున్నట్టయింది. 67వ సెక్షన్ దాన్ని ఒప్పుకోదు. మూలధనం తగ్గింపు చట్టప్రకారం జరిగితే తప్ప, కంపెనీకి తన షేర్లు తాను కొనే అధికారమే లేదు.

ఈ నియమం వెనక 1887 నాటి ఇంగ్లండు కేసు ఒకటుంది, ట్రెవర్ వర్సెస్ విట్‌వర్త్. ఫ్లానెల్ బట్ట తయారుచేసే ఒక కంపెనీ ఒక వాటాదారు షేర్లు కొంటానని ఒప్పుకుని, కొంత డబ్బిచ్చి, మిగతాది ఇవ్వకుండానే మూతపడింది. ఆయన తరఫువాళ్లు బాకీ ఇప్పించమని లిక్విడేషన్లో క్లెయిము వేస్తే హౌస్ ఆఫ్ లార్డ్స్ కుదరదంది. కంపెనీకి అప్పిచ్చినవాళ్లు మూలధనాన్ని చూసి ఇచ్చారు, దాన్ని వాటాదారులకు చడీచప్పుడు లేకుండా వెనక్కిస్తే అప్పులవాళ్ల గతేంటి అన్నది తర్కం. నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ తర్కంలో నాకు లోపం కనపడదు. ఆస్పత్రికి మందులు అరువిచ్చిన డిస్ట్రిబ్యూటరు, ఎక్స్‌రే మెషీను వాయిదాల మీద ఇచ్చినవాడు, జీతం బాకీ ఉన్న నర్సు, వీళ్లెవరికీ తెలియకుండా 60 లక్షలు బయటికి పోయాయి. పెద్దమనుషుల పంచాయితీలో వీళ్ల తరఫున మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు. వాళ్ల తరఫున మాట్లాడేది ఈ సెక్షను ఒక్కటే.

కంపెనీ డబ్బుతోనే పంపాలనుకుంటే, ఆ నిషేధానికి చట్టమే ఇచ్చిన మినహాయింపు బైబ్యాక్ ఉంది, అంటే కంపెనీ తన షేర్లు తిరిగి కొనడం, 68వ సెక్షన్. ఆర్టికల్స్‌లో, అంటే కంపెనీ నియమావళిలో, దానికి అనుమతి ఉండాలి. మొత్తం చెల్లించిన మూలధనం, ఫ్రీ రిజర్వులు (పంచడానికి వీలున్న మిగులు లాభాలు) కలిపి అందులో 25 శాతం దాటకూడదు. పది శాతం లోపైతే బోర్డు తీర్మానం చాలు, దాటితే ప్రత్యేక తీర్మానం. బైబ్యాక్ అయ్యాక అప్పులు మూలధనం, రిజర్వులకు రెండింతలు మించకూడదు. ఆఫరు ఒక్కరికే ఇస్తానంటే కుదరదు, ఉన్న వాటాదారులందరికీ దామాషా ప్రకారం ఇవ్వాలి. మిగతావాళ్లు మాకొద్దని ఊరుకుంటే వెళ్లేవాడి షేర్లే కొంటారు, ఆచరణలో జరిగేది అదే. కొన్న షేర్లను 7 రోజుల్లో రద్దు చేయాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. ఇదంతా ఫ్రీ రిజర్వుల్లోంచో, షేర్ ప్రీమియం (ముఖవిలువ మీద అదనంగా వచ్చిన డబ్బు) లోంచో, కొత్తగా వేరే రకం షేర్లు జారీచేసి తెచ్చిన డబ్బులోంచో జరగాలి. కొత్త ఆస్పత్రి మొదటి కొన్నేళ్లు నష్టాల్లో ఉండడం మామూలే. రిజర్వులెక్కడివి? అప్పుడు మిగిలేది 66వ సెక్షన్ కింద మూలధనం తగ్గింపు. అంటే ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల ట్రిబ్యునల్), అప్పులవాళ్లకు నోటీసులు, లాయరు ఫీజులు. అందుకే, మీలో మీరు కొనుక్కోగలిగితే కొనుక్కోండి, కంపెనీ ఖాతా జోలికి పోవద్దు అని చెబుతాను. వినేవాళ్లు తక్కువ, ఎందుకంటే సొంత జేబులోంచి తీయాలి.

బదిలీ సంగతి చూస్తే అది నిజంగా చిన్న పని. కాగితం షేర్లయితే ఎస్‌హెచ్-4 ఫారం మీద అమ్మేవాడు, కొనేవాడు సంతకాలు పెట్టి, షేర్ సర్టిఫికెట్టు జతచేసి, సంతకం చేసిన 60 రోజుల లోపు కంపెనీకి అందించాలి. 2020 జులై 1 నుంచి స్టాంపు డ్యూటీ 0.015 శాతం. 60 లక్షల మీద 900 రూపాయలు. అంతకుముందు 0.25 శాతం ఉండేది, అదే లావాదేవీకి 15 వేలు. 900 రూపాయల స్టాంపుతో పోయేదాన్ని రూపాయి రెవెన్యూ స్టాంపుతో సరిపెట్టి, ఏళ్లకేళ్లు టెన్షన్ పడ్డారు. ఫారం మీద స్టాంపులు అంటిస్తే వాటి మీద అడ్డంగా గీత కొట్టి రద్దు చేయడం మరిచిపోవద్దు. రద్దు చేయని స్టాంపు అంటించనట్టే లెక్క. చిన్నగా కనిపించే ఈ లోపం పట్టుకుని బదిలీ చెల్లదని వాదించినవాళ్లు ఉన్నారు. చట్టం లెక్కలో ‘చిన్న కంపెనీలు’ కాని ప్రైవేట్ కంపెనీల్లో ఇప్పుడు షేర్లు డీమ్యాట్‌లో (ఎలక్ట్రానిక్ రూపంలో) ఉండాల్సిందే. ఆ గడువు 2025 జూన్ 30తో అయిపోయింది. అక్కడ ఎస్‌హెచ్-4 బదులు డీమ్యాట్ ఖాతా ఉన్నచోట ఇన్‌స్ట్రక్షన్ స్లిప్పు ఇవ్వాలి, డిపాజిటరీ (డీమ్యాట్ షేర్ల లెక్క ఉంచే సంస్థ) దగ్గరున్న జాబితాయే రిజిస్టరుతో సమానం. వెళ్లేవాడికి డీమ్యాట్ ఖాతా లేకపోతే ముందు అది తెరవాలి.

బదిలీలో నాకు ఒళ్లు మండేది ఒకటుంది. కంపెనీ పెట్టిన రోజే అందరి దగ్గరా ఖాళీ ఎస్‌హెచ్-4ల మీద సంతకాలు తీసుకుని ఎండీగారి బీరువాలో పెట్టడం. తేదీ ఉండదు, కొనేవాడి పేరుండదు, ధర ఉండదు. గొడవ వచ్చిన రోజు బీరువా తెరిచి అన్నీ నింపుతారు. పాత 1956 చట్టంలో 7బి ఫారం ఉన్నప్పుడు, సంతకాలకు ముందే ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రారు) ఆఫీసు లాంటి చోట ఫారం మీద తేదీ ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. ఆ ముద్ర పడ్డాక గడువు మొదలయ్యేది, కాబట్టి ఖాళీ ఫారాన్ని ఏళ్లపాటు దాచినా లాభం ఉండేది కాదు. కొత్త చట్టం ఆ తిప్పలు తీసేసింది, దాంతోపాటు ఆ కాపలా కూడా పోయింది. ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గించడం మంచిదే. ఈ ఒక్కచోట మాత్రం పాత పద్ధతే నయం అనిపిస్తుంది. ఖాళీ ఫారం మీద సంతకం అడిగితే పెట్టొద్దు, అది ఖాళీ ప్రాంసరీ నోటు మీద వేలిముద్ర వేయడమే.

రిజిస్టరు ఎలా ఉంటుందో చూడనివాళ్లు చాలామంది ఉంటారు, డైరెక్టర్లతో సహా. ఎంజీటీ-1 అని దాని ఫారం పేరు. ఒక్కో వాటాదారుకి ఒక ఫోలియో, అంటే విడి పద్దు. పేరు, తండ్రి పేరు, చిరునామా, పాన్, ఏ తేదీన సభ్యుడు (అంటే వాటాదారు) అయ్యాడు, ఏ తేదీన సభ్యత్వం ముగిసింది. కింద షేర్ల పద్దు: ఎన్ని వచ్చాయి, ఎవరి నుంచి, ఎన్ని పోయాయి, ఎవరికి, మిగిలినవెన్ని. మనిషి వెళ్లిపోయినప్పుడు అక్కడ ఏదీ చెరపరు. బోర్డు బదిలీని ఒప్పుకున్న 7 రోజుల లోపు పోయిన షేర్లు రాస్తారు, మిగులు సున్నా వేస్తారు, ముగిసిన తేదీ గడి నింపుతారు. ఆ పేజీ అలాగే ఉంటుంది. ఈ రిజిస్టర్ని శాశ్వతంగా దాచాలని రూలు. కాబట్టి ‘పేరు తీసేయడం’ అనేది కచ్చితంగా చెప్పాలంటే ఎప్పటికీ జరగదు. మనిషి ఒకప్పుడు ఉన్నాడు, ఫలానా రోజున మానుకున్నాడు అని రాయడమే జరుగుతుంది. రిజిస్టరు సరిగ్గా పెట్టకపోతే కంపెనీకి 3 లక్షలు, బాధ్యుడైన ఆఫీసరుకి 50 వేలు పెనాల్టీ.

అయినా దొడ్డిదారి వెతికేవాళ్లుంటారు. ‘ఈ ఏడాది యాన్యువల్ రిటర్నులో ఆ పేరు ఎత్తేసి, మిగతావాళ్లకు సర్దేద్దాం’ అనేది ఎక్కువగా వినపడే సలహా. ఈ రిటర్ను కంపెనీ ఏటా ప్రభుత్వానికి ఇచ్చే వివరం, రిజిస్టరు ఆధారంగా వేసేది, రిజిస్టరుకి బదులు కాదు. లేని బదిలీని ఉన్నట్టు రిటర్నులో చూపిస్తే అది తప్పుడు ప్రకటన, 448వ సెక్షన్ దాన్ని మోసం నేరంతో సమానంగా చూస్తుంది. తగిన కారణం లేకుండా పేరు తప్పిస్తే 59వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. తెలంగాణ వాళ్లకు హైదరాబాద్ బెంచి, ఆంధ్ర వాళ్లకు అమరావతి బెంచి. అదే సెక్షన్ వెళ్లిపోయినవాడికీ పనికొస్తుంది. సభ్యత్వం ముగిసిందని రాయడంలో కంపెనీ అనవసరంగా ఆలస్యం చేసినా అక్కడికి వెళ్లొచ్చు. అయితే సంతకం ఫోర్జరీయా, డబ్బు ముట్టిందా లాంటి పెద్ద వివాదాలు అక్కడ తేలడం కష్టం. రిజిస్టరు సవరణ అనేది పరిమితమైన విచారణ అని సుప్రీంకోర్టు 1998లో అమ్మోనియా సప్లైస్ కేసులో అంది, 2023 జనవరిలో ఐఎఫ్‌బీ ఆగ్రో కేసులోనూ అదే దారిలో నడిచింది.

నా వాదనకి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేయలేను. మాదాపూర్‌లో ముగ్గురు కుర్రాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడతారు. తలా మూడో వంతు. ఆరు నెలలకి ఒకడు ఎంఎస్‌కి అమెరికా వెళ్లిపోతాడు. మిగిలిన ఇద్దరూ అయిదేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి కంపెనీని నిలబెడితే, మూడో వంతు ఇంకా డల్లస్‌లో ఉన్నవాడిదే. ఇది న్యాయమా? కాదు. మరి బోర్డుకి తీసేసే అధికారం ఇవ్వొచ్చుగా అంటారు. ఇస్తే ముందు వాడుకునేది ఆ కుర్రాళ్లు కాదు. కుటుంబ కంపెనీల్లో పెదనాన్నలు, బాబాయిలు. భర్త పోయిన ఆడపడుచు వాటా, విదేశంలో ఉన్న తమ్ముడి వాటా ఒక్క బోర్డు మీటింగుతో ఎగిరిపోతాయి. సభ్యుణ్ని బహిష్కరించే అధికారం డైరెక్టర్లకు ఇచ్చే ఆర్టికల్స్ చెల్లవని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 1975లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు.

ఆ కుర్రాళ్లకు దారి మొదటి రోజే ఉంది. ఇన్నేళ్లలోపు వెళ్లిపోతే ఇన్ని షేర్లు ఈ ధరకి మిగతావాళ్లకు అమ్మాలి అని రాసుకోవడం. రాసుకోవడమంటే వాట్సాప్‌లో కాదు, విడి ఒప్పందంలో మాత్రమే కూడా కాదు, ఆర్టికల్స్‌లో. వి.బి. రంగరాజ్ కేసులో ఒక కుటుంబ కంపెనీలో రెండు శాఖల వాళ్లు, ఎవరైనా అమ్మితే ముందు సొంత శాఖ వాళ్లకే ఇవ్వాలని తమలో తాము అనుకున్నారు. ఆర్టికల్స్‌లో లేని ఆంక్ష కంపెనీనీ వాటాదార్లనీ కట్టిపడేయదని సుప్రీంకోర్టు తేల్చింది. ఇది చెబితే మనవాళ్లు మొహం చిట్లిస్తారు. “శుభమా అని మొదలుపెడుతుంటే విడిపోయే మాటలెందుకండీ?” కొబ్బరికాయ కొట్టిన రోజు అడగలేని మాట కోర్టు మెట్ల మీద అడగాల్సి వస్తుంది.

వెళ్లిపోయేవాళ్లకి కూడా చెప్పాల్సింది ఉంది. కంపెనీ వాళ్లు రాసుకుంటార్లే అని వదిలేయకండి. పేరు మిగిలి ఉన్నంతకాలం ఆదాయపన్ను రిటర్నులో అన్‌లిస్టెడ్ షేర్ల గడి నింపాలి, ఐటీఆర్-1 అనే సులువు ఫారం వేయడానికి వీలుండదు. షేర్ల మీద కట్టాల్సిన డబ్బు ఇంకా ఏమైనా ఉంటే, కంపెనీ మూతపడ్డప్పుడు మాజీ సభ్యుణ్ని కూడా అడగొచ్చు. సభ్యత్వం ముగిసి ఏడాది దాటితేనే ఆ బాధ్యత పోతుంది. ఆ ఏడాది లెక్క రిజిస్టర్లో తేదీ పడ్డాకే మొదలవుతుంది. ధర విషయంలో ‘ముఖవిలువ 10 రూపాయలకే రాసేద్దాం’ అంటే ఒప్పుకోకండి. అసలు విలువకంటే తక్కువకి చూపిస్తే అమ్మినవాడికీ కొన్నవాడికీ ఇద్దరికీ పన్ను తగులుకుంటుంది.

బ్యాంకు హామీ సంగతి వేరు. షేర్లు బదిలీ అయినా, డైరెక్టరు పదవి పోయినా, మీరు ఇచ్చిన పర్సనల్ గ్యారంటీ అలాగే బతికి ఉంటుంది. అది మీకూ బ్యాంకుకీ మధ్య ఒప్పందం, కంపెనీ తీర్మానం దాన్ని రద్దు చేయలేదు. ఆ ఎముకల డాక్టరుగారు కూడా ఎక్స్‌రే, సీ-ఆర్మ్ మెషీన్లు కొన్న పాత లోనుకి హామీ సంతకం పెట్టే ఉన్నారు. ఆ లోను మొండిబాకీ అయి ఉంటే బ్యాంకు నోటీసు ఆయన కొత్త నర్సింగ్ హోంకే వచ్చేది. గ్యారంటీ విడుదల చేస్తున్నట్టు బ్యాంకు లెటరు చేతికి రానిదే సెటిల్‌మెంట్ అయిందనుకోవద్దు.

ఇద్దరే ఉన్న కంపెనీలో ఒకరు వెళ్తుంటే ఇంకో మెలిక. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులుండాలి. మిగిలినవాడే షేర్లన్నీ కొనేసుకుని ఒక్కడే 6 నెలలు దాటి నడిపితే, ఆ తర్వాత చేసిన అప్పులకు సొంతంగా బాధ్యుడవుతాడు. అందుకే ఒక్క షేరైనా భార్య పేరునో అమ్మ పేరునో బదిలీ చేస్తారు. డైరెక్టర్లు కూడా ఇద్దరుండాలి కాబట్టి తరచూ ఆవిడే డైరెక్టరు కూడా అవుతుంది, తనకి తెలిసో తెలియకో.

ఈ పనులన్నీ ఒకే రోజు, ఒకే టేబుల్ మీద జరగాలని పట్టుబడతాను. ఒకవైపు డబ్బు పంపిన ఆర్‌టీజీఎస్ నంబరు, ఇంకోవైపు సంతకాలైన ఎస్‌హెచ్-4, అసలు సర్టిఫికెట్టు, అదే గదిలో బోర్డు మీటింగు, మినిట్స్. విడతల్లో ఇస్తామంటే షేర్లు కూడా విడతల్లోనే వెళ్లాలి. వెళ్లేవాళ్లు లేచే ముందు సున్నా మిగులు, ముగిసిన తేదీ పడిన ఫోలియో పేజీకి సర్టిఫైడ్ కాపీ అడగాలి. ఆ రోజు ఇవ్వకపోయినా, 94వ సెక్షన్ కింద ఫీజు కట్టి అడిగితే 7 రోజుల్లో ఇవ్వాల్సిందే. పేజీకి 10 రూపాయల కంటే ఎక్కువ అడగడానికి వీల్లేదు.